చేతికి చెప్పే కథ

వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అన్న వాదన మనకు పాతదే. కథ విషయంలో, కవిత విషయంలో, నాటకం విషయంలో, సినిమా విషయంలో కూడా ఈ వాదన చేస్తూనే వున్నాము. వీడియో ఆట విషయంలో చేసినట్టు నాకు జ్ఞాపకం లేదు. మనలో పెద్దలకు అది పిల్లల కాలక్షేపం. కొంచెం కోపం వచ్చినప్పుడు, పెట్టుబడిదారీ సమాజం యువకులకు పోస్తున్న మత్తు. విద్యార్థులకు అది రాత్రిపూట ఆడుకొనేదే గాని పగటిపూట చర్చించేది కాదు.

ఆ విద్యార్థులలో ఒకడు నాతో, “మాస్టారూ, యుద్ధం వస్తే రైతు బతుకు ఏమవుతుందో నేను చదివిన నవలల్లో కన్న ఆ ఆటలోనే ఎక్కువ తెలిసింది” అన్నాడు. ఆ మాట నన్ను వదలలేదు. అతడు చెప్పిన ఆటను మూడు నెలలపాటు, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, చివరివరకు ఆడాను. అతడి మాటలో నిజం వున్నది. కాని అది సగం నిజం. మిగిలిన సగం ఆ ఆట చెప్పే కథలో లేదు. ఆడేవాడి చేత అది చేయించే పనిలో వున్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్నది ఆ సగాన్ని గురించే.

ఆట పేరు ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’. పోలండు రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే సంస్థ దానిని 2015 మే నెలలో విడుదల చేసింది. 2023 నాటికి 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినట్టు ఆ సంస్థ ప్రకటించింది. ఇంతమంది పాఠకులున్న నవలాకారులు ఎందరు? ఈ ఒక్క అంకె చాలు, విమర్శకుడు దీనిని పక్కకు నెట్టివేయరాదని చెప్పడానికి. ఆటకు మూలం ఆంద్జెయ్ సప్కోవ్‌స్కి రచనలు. ఆయన మొదటి విచర్ కథ 1986లో ‘ఫాంతాస్తికా’ అనే పోలిష్ పత్రికలో అచ్చయింది.

ఎరుగనివారికోసం ఒక మాట. దీనిని ‘ఓపెన్ వరల్డ్’ ఆట అంటారు. అంటే కథ ఒకే దారి వెంట నడవదు. కొండలు, చిత్తడి నేలలు, పల్లెలు, పట్నాలు గల ఒక దేశం మన ముందు పరచి వుంటుంది. గుర్రమెక్కి ఎటైనా పోవచ్చు, ఎవరితోనైనా మాట్లాడవచ్చు, అసలు కథను నెలల తరబడి పక్కన పెట్టవచ్చు. ఆటగాడు నడిపే కథానాయకుడు గెరాల్ట్. అతడు రాజకుమారుడు కాడు, దైవాంశ సంభూతుడు కాడు. రాక్షసులను, భూతాలను చంపడం అతడి వృత్తి. చిన్నతనంలోనే అతడిని ఈ పనికోసం తీసుకుపోయి, మందులతో శరీరాన్ని మార్చివేశారు. జనం అతడిని చూసి అసహ్యించుకొంటారు. అవసరం వచ్చినప్పుడు పిలుస్తారు. వూరి పలకమీద ప్రకటన చూసి అతడు వస్తాడు, కూలి మాట్లాడుకొంటాడు, పని చేస్తాడు, డబ్బు తీసుకొని పోతాడు. కూలి మాట్లాడుకోవడం వట్టి మాట కాదు. ఎంత కావాలో ఆటగాడే అడగాలి. ఎక్కువ అడిగినకొద్దీ ఎదుటివాడి విసుగును చూపే గీత పెరుగుతుంది. మరీ పెరిగితే అతడు మాటలు కట్టిపెట్టేస్తాడు. అద్భుత సాహస కథలలో బేరమాడి బతికే నాయకుడు ఎంత అరుదో చెప్పనక్కరలేదు.

ఇక వస్తువు. ఆట మొదట్లో వైట్ ఆర్చర్డ్ అనే పల్లె వస్తుంది. నిల్ఫ్‌గార్డ్ సామ్రాజ్య సైన్యం దానిని అప్పుడే ఆక్రమించి వుంటుంది. గ్రిఫిన్ అనే రెక్కల మృగం జనాన్ని చంపుతూ వుంటుంది. అది ఎందుకు చంపుతున్నదో గెరాల్ట్ ఆరా తీస్తాడు. సైనికులు దాని గూటిని తగలబెట్టి, జత మృగాన్ని చంపారు. ఆ కోపం పల్లెమీద పడింది. ఆ సైన్యానికి కెప్టెను ఒకడున్నాడు. అతడు మొదట ఒక రైతుతో ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. నేనూ సేద్యం ఎరిగినవాడినే అంటూ కాయలు కాచిన చేతులు చూపిస్తాడు. సైన్యానికి ఎంత ధాన్యం ఇవ్వగలవో చెప్పమంటాడు, కొంచెం తగ్గిస్తాడు కూడా. గ్రిఫిన్‌ను చంపి తిరిగి వచ్చేసరికి ఆ రైతు అక్కడే నిలబడి వుంటాడు. అతడు తెచ్చిన ధాన్యం కుళ్ళిపోయింది. కాయలు కాచిన ఆ చేతుల కెప్టెనే అతడికి కొరడా దెబ్బలు విధిస్తాడు. తాను పుట్టిన వర్గం ఏదైనా, తాను కొలిచే రాజ్యానికి పనిముట్టుగా మారినవాడు ఏమి చేస్తాడో ఇంత క్లుప్తంగా చూపించిన ఘట్టాలు కథాసాహిత్యంలో కూడా ఎన్నో లేవు.

తరువాత వచ్చే వెలెన్ ప్రాంతం ఇంకా భయంకరం. రెండు సైన్యాల మధ్య నలిగిన నేల. చెట్లకు వేలాడే మనుషులు. పూడ్చేవాడు లేక శవాలు పడి వున్నచోటల్లా వాటిని తినే భూతాలు పుట్టుకొస్తాయి. ఇక్కడ రాక్షసులు ఆకాశం నుంచి ఊడిపడరు. మనుషులు చేసిన యుద్ధంలోనుంచి, ఆకలిలోనుంచి వస్తారు. మన విద్యార్థి అన్నది దీనినే. ఆ మాటకు నేను తలవంచుతాను.

కాని నవల వేరు, ఆట వేరు. నవలలో రచయిత వాక్యంతో మాట్లాడతాడు. ఆటలో పాత్రలు వాక్యాలతో మాట్లాడతాయి, రచయిత మాత్రం నియమాలతో మాట్లాడతాడు. ఏ పని చేయవచ్చు, ఏది చేయరాదు, దేనికి ప్రతిఫలం, దేనికి శిక్ష, దేనికి ఏదీ లేదు — ఇదే ఆటలో రచయిత గొంతు. వాక్యాలు చెవికి చెప్తాయి; నియమాలు చేతికి చెప్తాయి. చెవి విన్నదాన్ని మరిచిపోతుంది. చేయి వందసార్లు చేసినదాన్ని మరవదు.

నియమాలు గొప్ప మాట చెప్పగలవని ఈ ఆటే నిరూపించింది. వెలెన్‌లో ఒక గుట్టకింద, చెట్టు వేళ్ళలో చిక్కుకొన్న ఆత్మ ఒకటి వుంటుంది. తనను విడిపిస్తే చిత్తడి అడవిలోని అనాథ పిల్లలను కాపాడతానంటుంది. విడిపిస్తే నిజంగానే పిల్లలు దక్కుతారు. కాని పక్క వూరు నాశనమవుతుంది, ఒక తల్లి ప్రాణం పోతుంది, ఆమె భర్త వురి పోసుకొంటాడు. దానిని చంపితే పిల్లలు దక్కరు. ఆ తల్లి మతి చలించి బతుకుతుంది. ఈ ఫలితాలు వెంటనే కనపడవు. మనం మరిచిపోయాక ఎదురుగా వచ్చి నిలబడతాయి. మంచి చేద్దామన్న కోరిక ఒక్కటే చాలదని, చేసిన పనికి చేసినవాడే బాధ్యుడని ఇక్కడ నియమం చెప్పింది. ఏ పాత్రా వుపన్యాసం ఇవ్వలేదు.

అదే వెలెన్‌లో ఏ రైతు గుడిసెలోనికైనా పోయి చూడండి. గోడ పక్కన ఒక పెట్టె, అటకమీద ఒక సంచి వుంటాయి. ఇంటామె అక్కడే నిలబడి, తిండిలేక చస్తున్నామని గొణుగుతూ వుంటుంది. ఆటగాడు పెట్టె తెరుస్తాడు. రొట్టెముక్క, దారపువుండ, రెండు నాణేలు దొరుకుతాయి. తీసుకొంటాడు. ఆమె ఏమీ అనదు. ఏ ఫలితమూ రాదు, ఆ రోజూ రాదు, తరువాతా రాదు. నేను తెరిచాను, ఈ ఆట ఆడే ప్రతివాడూ తెరుస్తాడు, తెరవమనే ఆ పెట్టె అక్కడ పెట్టారు. కావలి సైనికులు చూస్తూ వుండగా తీస్తే మాత్రం వాళ్ళు మీదపడి కొడతారు, డబ్బు గుంజుకొంటారు. ఆస్తికి రక్షణ ఆయుధమున్నచోటనే వున్నది, గుడిసెకు లేదు. దోపిడీ సమాజాన్ని గురించి ఇంతకన్న నిక్కచ్చిగా చెప్పలేము. ఐతే ఆట దీనిని విమర్శగా చెప్పడం లేదు, సౌకర్యంగా ఇస్తున్నది. తేడా అంతా ఇక్కడే వున్నది.

పెట్టెలు తెరవడం ఆటల ఆనవాయితీ అనీ, దానికి అర్థం వెతకరాదనీ ఒక వాదన వున్నది. దానికి సమాధానం ఆవులు చెప్తాయి. విడుదలైన కొత్తలో కొందరు ఆటగాళ్ళు వైట్ ఆర్చర్డ్‌లో ఆవులను చంపి, తోళ్ళు అమ్మి, కాలం గడిపి, మళ్ళీ పుట్టుకొచ్చిన ఆవులను మళ్ళీ చంపి, అంతులేని డబ్బు కూడబెట్టారు. 2015లోనే తయారీదారులు ఆటను సవరించారు. ఆవులను అదేపనిగా చంపేవాడిమీదికి కొమ్ముల రాక్షసుడొకడు వచ్చి పడే ఏర్పాటు చేశారు. తరువాత వచ్చిన అనుబంధ కథలో పన్నులవాడొకడు ఎదురై, ఆ డబ్బు ఎట్లా వచ్చిందని నిలదీస్తాడు కూడా. ఇదంతా హాస్యంగానే చేశారు. కాని ఆలోచించండి. నియమాన్ని మార్చడం వాళ్ళ చేతిలో పనే. ఆనవాయితీ అడ్డురాలేదు. ఆవులను చంపితే ఆటలోని డబ్బు విలువ పడిపోతుంది. అందుకని రాక్షసుడు వచ్చాడు. గుడిసెను దోచితే ఎవరి లెక్కా తప్పదు. అందుకని ఎవరూ రాలేదు.

మరొక నియమం ఇంకా పెద్దది. రాజ్యం ఎవరిదనే ప్రశ్న ఈ ఆటలో చివరికి ముగ్గురి మధ్యకు వస్తుంది: ఉన్మాది ఐన రాజు రాడొవిడ్, ఆక్రమించవచ్చిన చక్రవర్తి ఎమ్‌హిర్, గూఢచారుల నాయకుడు డైక్‌స్ట్రా. ఆటగాడు చేసే పనులనుబట్టి వీరిలో ఒకరు గెలుస్తారు. ఏమీ చేయకపోతే రాడొవిడ్ గెలుస్తాడు. అంత విశాలమైన లోకంలో ఎటుపోయినా పల్లెజనం కలిసి నిలబడి గెలిచే దారి లేదు. గుర్రానికి స్వేచ్ఛ వున్నది, చరిత్రకు లేదు. మూడు చెడుగులలో చిన్నదాన్ని ఏరుకోవడమే వివేకమని అలవాటు చేసిన చేయి, నాలుగోదాన్ని వెతకదు.

ఐనా ఒకచోట జనం కలుస్తారు. వెలెన్‌లోని ఒక ద్వీపంలో, చనిపోయినవారిని పిలిచి అన్నం పెట్టే రాత్రి పల్లెజనమంతా చేరుతుంది. మతాధికారుల మనుషులు దానిని చెదరగొట్టడానికి వస్తారు. ఆ జనానికి కావలి కాయడం గెరాల్ట్ పని. పోలిష్‌లో ఆ ఆచారం పేరు ‘జాదీ’. ఆదామ్ మిత్స్‌కియెవిచ్ మహానాటకానికి అదే పేరు. ఆ నాటకాన్ని కజిమిఎజ్ డెయ్‌మెక్ 1967 నవంబరులో వార్సా జాతీయ రంగస్థలంమీద ప్రదర్శించాడు. 1968 జనవరిలో ప్రభుత్వం ఆపివేసింది. విద్యార్థులు వీధులలోకి వచ్చారు. ఆ మార్చి నాటికి అది దేశవ్యాప్త ఆందోళన అయింది. ఆపినది సోషలిస్టునని చెప్పుకొన్న ప్రభుత్వమేనన్న చేదు నిజాన్ని మనం దాచుకోనక్కరలేదు. జనం గుమికూడడాన్ని చూసి భయపడిన ప్రభుత్వం ఏ పేరు పెట్టుకొన్నా, ఆ భయమే దాని గుణాన్ని చెప్తుంది. ఆ జ్ఞాపకం గల దేశంలో తయారైన ఆటలో ఈ ఘట్టం వుండడం యాదృచ్ఛికమైనా కాకపోయినా, ఆట మొత్తంలో నన్ను ఎక్కువ కదిలించింది అదే. విచారమేమంటే అది ఒక్క రాత్రితో ముగుస్తుంది. తెల్లవారగానే గెరాల్ట్ మళ్ళీ ఒంటరి; మళ్ళీ మరొక ప్రకటన, మరొక బేరం.

ఈ ఒంటరి బేరగాణ్ణి తయారుచేసినవారి బేరం సంగతి ఏమిటి? సప్కోవ్‌స్కి లాభంలో వాటా వద్దని ఒకేసారి కొంత డబ్బు తీసుకొని ఆటల హక్కులు ఇచ్చాడు. 2018లో ఆయన తరపున కనీసం 6 కోట్ల జ్లోటీలు కోరారు. 2019 డిసెంబరులో కొత్త ఒప్పందం కుదిరింది. పేరున్న రచయిత కనుక రెండవసారి బేరానికి కూర్చోగలిగాడు. బొమ్మలు గీసినవారు, నియమాలు రాసినవారు, తప్పులు వెతికినవారు వందలకొద్దీ వున్నారు. తప్పనిసరి అదనపు పని వుండదని 2019లో చెప్పిన ఆ సంస్థే, 2020లో ‘సైబర్‌పంక్ 2077’ అనే మరొక ఆట విడుదలకు ముందు వారానికి 6 రోజుల పని పెట్టింది. 2023 జులైలో సుమారు 100 మందిని తీసివేస్తామని ప్రకటించింది. ఆ ఏడాదే అక్కడి పనివారు పోలండు ఆటల పరిశ్రమ కార్మికులకోసం ఒక సంఘం పెట్టుకొన్నారు. గెరాల్ట్ చేత ఎన్నడూ చేయించని పనిని గెరాల్ట్‌ను చేసినవారు చేశారు. ఆటలో లేని నాలుగో దారి, ఆట తయారైన గదులలో కనిపించింది.

కనుక నా మనవి రెండు వైపులా వున్నది. పెద్దలారా, ఇది మత్తు అని కొట్టివేస్తే, కొరడా కింద నిలబడ్డ ఆ రైతును మీరు చూడరు. మీ విద్యార్థి ఏమి చూసి కదిలిపోయాడో కూడా మీకు తెలియదు. విద్యార్థులారా, పాత్రల మాటలు విని ఇది అభ్యుదయ రచన అని తీర్పు చెప్పవద్దు. మాటలు రాయడం సులువు. ఆడేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఈ గంటలో నా చేత ఏమేమి చేయించింది, దేనికి బహుమతి ఇచ్చింది, దేనికి శిక్షించింది, ఏది జరిగినా చూడనట్టు వూరకున్నది — ఇవి రాయండి. ఒక్క వారం రాసినా చాలు, ఆ ఆట ఎవరి పక్షమో ఆ కాగితంమీద తేలుతుంది. ఈ పత్రికకు పంపవలసింది ఆ కాగితమే.