సత్యభామా, మా మేనత్త పెన్సిలూ

సత్యభామ కోపం తెలియని తెలుగు ఆడదుంటుందా చెప్పండి! కూచిపూడి భామాకలాపం చూసో, స్థానం నరసింహారావు గారు ఆ వేషం కడితే ఎలా ఉండేదో పెద్దవాళ్ళు చెప్పగా వినో, 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో జమున గారి మూతివిరుపు చూసో, ఆవిడ మనందరికీ చుట్టమైపోయింది. కానీ ఆ మూతివిరుపు వెనక ఉన్న గాయాన్ని ఓపిగ్గా, పద్యం తర్వాత పద్యంగా చూపించినవాడు నంది తిమ్మన. అదేనండీ, మనం ముక్కు తిమ్మన అంటామే, ఆయన.

'పారిజాతాపహరణం' పుట్టుక వెనక ఒక కథ చెబుతారు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయల వారి రాణి తిరుమలదేవి, ఒక రాత్రి ఆయన చిత్తరువు వైపు కాళ్ళు పెట్టి నిద్రపోయిందట. అది చూసి ఆయన అలిగాడట. రాణి పుట్టింటి వైపు నుంచి వచ్చిన తిమ్మన, వాళ్ళిద్దరినీ కలపడానికి ఈ కావ్యం రాశాడట. ఇన్ని 'అట'ల మీద నిలబడ్డ కథే అయినా, కాపురాలు చేసిన వాళ్ళెవరూ దీన్ని కొట్టిపారెయ్యరు.

నా దగ్గరున్న ప్రతి మా మేనత్తది. అట్టలు ఊడిపోతే ఆవిడే పాత క్యాలెండరు కాగితం అంటించుకుంది. విశేషం పద్యాల్లో కాదు, పక్కనున్న ఖాళీలో ఉంది. సన్నటి పెన్సిల్‌తో, ఎవరో ఎదురుగా కూర్చుని కథ చెబుతూంటే మధ్యలో అడ్డు తగిలినట్టు, పేజీ పేజీకీ ఏదో ఒకటి రాసుకుంది అత్తయ్య.

కథ మీకు తెలిసిందే. నారదుడు స్వర్గం నుంచి తెచ్చిన పారిజాతం పువ్వు కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. ఆ మాట చెలికత్తె మోసుకొచ్చి సత్య చెవిన వేసింది. అక్కడ అత్తయ్య రాత: "ఈ పిల్లకి వేరే పనేం లేదు కాబోలు. మా వీధిలోనూ ఉందొకత్తె."

ఆ తర్వాత సత్య కోపగృహం చేరుతుంది. మాసిన చీర, ఒంటి మీద నగ లేదు, నుదుటికి కట్టు, కస్తూరి పట్టు, ముసుగు, చీకటి గదిలో మంచం, నోట మాట లేదు. తిమ్మన ఒక్క పద్యంలో ఇదంతా చూపిస్తాడు. నిజంగా తలనొప్పితో పడుకున్న ఆడదాన్ని దగ్గర కూర్చుని చూసినవాడే అలా రాయగలడని నా అభిప్రాయం. అత్తయ్య మాత్రం, "అలగడానికి వేరే గదా! మాకున్న చీకటి గదిలో ఆవకాయ జాడీలున్నాయి. అలిగినా గంటకోసారి ఎవరో తలుపు తడతారు" అని రాసింది.

ఇక ఆ ఘట్టం. కాళ్ళ మీద పడ్డ కృష్ణుడి తలను సత్య ఎడమ కాలితో తోసేస్తుంది. ఆయన కోప్పడడు సరికదా, నా ఒంటి మీద నిక్కిన రోమాలు ముళ్ళయి నీ లేత పాదానికి గుచ్చుకున్నాయేమోనని బాధపడతాడు. ఈ తన్ను ఉచితమా కాదా అని పండితులు వాదించుకున్నారు. అత్తయ్య వాదించలేదు. "కాలు నొచ్చిందా అని అడిగాడు. ముందు మనసు నొచ్చిందా అని అడిగుంటే కాలి దాకా వచ్చేదా?" అంది. దాని కింద, కాస్త ఆగి రాసినట్టుంది, "అయినా అడిగాడు" అని ఇంకో మాట.

ఆ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా మావయ్య ఉద్యోగం పేరు చెప్పి ఇంకో ఊళ్ళో మరో సంసారం పెట్టుకున్న మనిషి. అత్తయ్యకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ట్రంకు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చి, మరి వెనక్కి వెళ్ళలేదు. ఆవిడ ఏడవగా మేమెవరం చూళ్ళేదు. ఇంటిల్లిపాదినీ నవ్వించేది. "అదృష్టవంతురాలమ్మా, ఏదీ మనసులో పెట్టుకోదు" అనేవారు ఊళ్ళోవాళ్ళు. ఎక్కడ పెట్టుకుందో ఎవరూ వెతకలేదు మరి.

రుక్మిణి మీద ఆవిడకు కోపం లేకపోవడం చిత్రం. "పాపం, ఈవిడ పువ్వు అడగలేదు. ఇచ్చారు, పుచ్చుకుంది" అని రాసింది. కృష్ణుడు ఇంద్రుడితో యుద్ధం చేసి చెట్టునే పెకలించి తెచ్చి సత్య పెరట్లో నాటాక, "ఎవరి పెరట్లో ఉంటేనేం, ఆ పువ్వులు తెల్లారేసరికి నేల మీదే ఉంటాయి. చీపురు ఎవరి చేతిలో?" అని ప్రశ్న. పారిజాతం చెట్టున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది. పగడపు కాడల తెల్లపూలు రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున జలజలా రాలతాయి. అందం సంగతి సరే, పొద్దెక్కితే వాడి నేలకంటుకుపోతాయి. మా పెరటి చెట్టు కింద ఊడ్చేది అత్తయ్యే. ముందు దేవుడికి ఏరి పెట్టేది, తర్వాత చీపురు పట్టేది.

మొన్న ఆదివారం ఈ రాతలన్నీ మావారికి చదివి వినిపించాను. అత్తయ్య చేసిన గవ్వలు తప్ప ఆవిడ గురించి ఆయనకు పెద్దగా తెలియదు. చెలికత్తె దగ్గర నవ్వారు, జాడీల దగ్గర పగలబడి నవ్వారు. చివర్లో పుణ్యక వ్రతం వస్తుంది. సత్య కృష్ణుణ్ణి నారదుడికి దానమిచ్చి, మళ్ళీ విడిపించుకుంటుంది. ఆ పేజీలో పెన్సిల్ గట్టిగా నొక్కినట్టుంది, వెనక పేజీలోకి అచ్చు దిగింది.

"ఇచ్చేశాక మళ్ళీ వెల కట్టి తెచ్చుకోవడం ఎందుకు? నేనైతే తెచ్చుకోను. తెచ్చుకోలేదు కూడా."

ఆయన నవ్వలేదు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, తనే ఇంకోసారి చదువుకున్నారు. "ఇది అత్తయ్యగారే రాశారా?" అన్నారు.

అవునన్నాను.