నూరు ఫీల్డులు

ఆ మధ్య యూనివర్సిటీ నుంచి జువాలజీ ప్రొఫెసర్‌గారు ఫోన్ చేశారు. "ఎమ్మెస్సీ పిల్లలకు పరాన్నజీవుల పాఠం నడుస్తోంది. మలేరియా మీద మీరొక గంట మాట్లాడాలి సార్" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నేను డాక్టర్నీ కాను, డాక్టరేటున్నవాణ్ణీ కాను. ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ పొంది, విశాఖ మన్యంలో ముప్ఫయ్యేళ్ళకు పైగా మైక్రోస్కోపు మీద వంగి, 2018లో రిటైరైన మనిషిని. ఆ మాటే చెప్పాను. "పుస్తకంలో ఉన్నది మేం చెబుతాం. లేనిది మీరు చెప్పండి" అన్నారాయన.

ఒప్పుకున్నానే గానీ ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు మనవడు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. "తాతయ్యా, ఎన్ని స్లైడ్లు?" అన్నాడు. "వానాకాలంలో రోజుకు నూరు దాటేవిరా" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. నాకు స్లైడంటే రక్తపు చుక్క ఆరిన గాజు పలక. వాడికి తెరమీద బొమ్మ!

ఇద్దరం కలిసి పది రోజులు కష్టపడ్డాం. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదనీ, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై ఇంటింటా డీడీటీ చల్లాక, 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. ఇక పీడ విరగడైందని కాస్త ఏమరుపాటుగా ఉన్నారు. 1976లో 64 లక్షల కేసులు! ఇదంతా ఒక స్లైడు.

తర్వాత రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పించి, దోమకో అణా చొప్పున ఇచ్చాడు. అప్పటికే ఎన్నో దోమల్ని కోసి చూసి విసిగిపోయాడు. ఆ రోజు కూడా అలసిపోయాననీ, ఇంక చూసి ఏం లాభమనిపించిందనీ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అయినా చూశాడు. దొరికింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొత్తం ముప్ఫై నాలుగు స్లైడ్లయ్యాయి. ఒక సాయంత్రం మా ఆవిడను కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విన్నది. "బాగుందండీ. కానీ ఇదంతా పుస్తకాల్లో ఉన్నదేగా?" అంది.

రాస్ అలసట దగ్గరే నా మనసు ఆగిపోయి ఉంది. అప్పుడు చెప్పాను, ఇన్నేళ్ళుగా ఆవిడక్కూడా చెప్పని సంగతి.

1986 ఆగస్టు. ఊళ్ళ నుంచి వచ్చిన స్లైడ్లు బల్లమీద గుట్టగా పడి ఉన్నాయి. ఒక స్లైడును నెగెటివ్ అని రాయాలంటే నూరు ఫీల్డులు చూడాలని నియమం. ఫీల్డంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనబడే గుండ్రటి మేర. ఆ పొద్దు కళ్ళు మండుతున్నాయి. పదేళ్ళ పిల్లాడి స్లైడు. నలభై ఫీల్డులు చూశాను, ఏమీ లేదు. రిజిస్టర్లో నెగెటివ్ అని రాసి పక్కన పెట్టేశాను.

రక్తం తీసిన రోజు ఇచ్చే క్లోరోక్విన్ మాత్రలు వాడికి అందాయి. పాజిటివ్ వస్తేనే పూర్తి చికిత్స. నాలుగో రోజున వాళ్ళ నాన్న డోలీలో మోసుకొచ్చాడు. పిల్లాడికి స్పృహ లేదు. క్వినైన్ ఎక్కించారు. తెల్లవారేసరికి పోయాడు. ఆ స్లైడు మళ్ళీ తీసి చూశాను. అరవై మూడో ఫీల్డులో ఉన్నాయి, సన్నటి ఉంగరాల్లాంటి ఫాల్సిపేరమ్ క్రిములు. పిల్లాడి నాన్నకు ఇదేమీ తెలియదు. వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి, "ఆ పిల్లలకు ఇది చెప్పండి" అంది.

"అంతమందిలో నా తప్పు చెప్పుకోనా?"

"చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?"

మనవణ్ణి పిలిచి ముప్ఫై నాలుగు స్లైడ్లను మూడు చేయించాను. ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేసి, విద్యార్థికొక మైక్రోస్కోపు, ఒక్కో గాజు స్లైడు పెట్టించమన్నాను. ఇప్పుడు పావుగంటలో తేల్చిచెప్పే కిట్లు వచ్చాయి. అయినా ఓపిగ్గా చూసే కన్ను అక్కర్లేని రోజు రాలేదు.

"ఏ క్రిములున్న స్లైడ్లు పెట్టమంటారు?" అని అడిగారాయన.

"ఏమీ లేనివే పెట్టండి సార్. నూరూ లెక్కపెట్టాకే తలెత్తాలి. రేపటి పాఠం అదే" అన్నాను.