సుర్మాదానీలోని సీసం

మా అమ్మీకి ఇప్పుడు 74 ఏళ్లు. మూడేళ్లుగా ఆమె జ్ఞాపకశక్తి క్షీణిస్తోంది. జుహర్ నమాజు ముగించిన పది నిమిషాలకే మళ్లీ వుజూకు లేస్తారు. మా నలుగురు సంతానంలో ఒకరిని మరొకరి పేరుతో పిలుస్తారు. ఏనాడో కన్నుమూసిన అబ్బాజాన్ దుకాణం నుండి ఇంకా రాలేదేమని సాయంత్రాలు గుమ్మం వైపు చూస్తారు. ఇన్ని మరచిన అమ్మీ, తన పెళ్లినాటి ఇత్తడి సుర్మాదానీ ఏ పెట్టెలో ఉందో మాత్రం మరవలేదు. గత ఏడాది మా తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు, 40వ రోజున ఆ సుర్మాదానీని తానే వెతికి తెచ్చి, పాపను ఒడిలో పడుకోబెట్టమన్నారు.

మేము ఆ సలాయిని ఆమె చేతి నుండి మెల్లగా తీసుకున్నాము. మా నలుగురి కళ్లకూ సుర్మా దిద్దిన చేయి అది. ఆ చేతిని ఎందుకు ఆపవలసి వచ్చిందో పాఠకులతో పంచుకోవాలనుకుంటున్నాము.

అబ్బాజాన్ విజయవాడలో లారీ బ్యాటరీలు బాగుచేసేవారు. పాడైన బ్యాటరీలోని సీసపు పలకలను ఇనుప మూకుడులో కరిగించి, అచ్చుల్లో పోసేవారు. సాయంత్రం ఆ బట్టలతోనే ఇంటికి వచ్చి, ముందుగా మమ్మల్ని ఎత్తుకునేవారు. ఆ బట్టలను అమ్మీ మా బట్టలతో కలిపి ఉతికేవారు. మిగిలిన సీసపు ముద్దలు మాకు ఆటవస్తువులు. అది హలాల్ సంపాదన. దానితోనే మేము చదువుకున్నాము. ఆ ధూళిలో ఏముందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అమ్మీని పరీక్షించిన నరాల వైద్యుణ్ణి మేము సూటిగా అడిగాము: "ఈ మరపుకు ఆ సీసమే కారణమా?" ఆయన తొందరపడలేదు. "ఒక్క మనిషి విషయంలో అలా తేల్చి చెప్పలేమండీ. వయసు ఉంది, రక్తపోటు ఉంది, వంశలక్షణాలు ఉంటాయి. సీసం కూడా ఒక కారణం కావచ్చు. కాదని నేను చెప్పలేను, అవునని కూడా చెప్పలేను," అన్నారు. ఆ జవాబు మమ్మల్ని ఓదార్చలేదు. కానీ సీసం గురించి తెలుసుకోవలసిన బాధ్యతను మాపై పెట్టింది.

మెదడు కణాలు ఒకదానితో మరొకటి సంభాషించుకోవడానికి క్యాల్షియం తప్పనిసరి. సీసం శరీరంలో ఆ క్యాల్షియంలా నటిస్తుంది. క్యాల్షియం కోసం తెరుచుకునే ద్వారాల గుండా మెదడును కాపాడే రక్షణపొరను దాటిపోతుంది. లోపలికి చేరాక కణాల సంకేతాలను తారుమారు చేస్తుంది. నేర్చుకోవడానికి, నేర్చినది నిలుపుకోవడానికి అవసరమైన గ్రాహకాలను అడ్డుకుంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. చర్మం గాయపడితే మానుతుంది. నశించిన నాడీకణాల స్థానంలో కొత్తవి పుట్టడం మాత్రం బహు అరుదు.

మమ్మల్ని ఎక్కువగా కలచివేసిన విషయం మరొకటి. రక్తంలోని సీసం నెల రోజుల్లో సుమారు సగానికి తగ్గుతుంది. అయితే అదంతా బయటికి పోదు. చాలా భాగం ఎముకల్లో చేరి దశాబ్దాల తరబడి ఉండిపోతుంది. గర్భధారణ సమయంలో, ఎముకలు గుల్లబారే వృద్ధాప్యంలో మళ్లీ రక్తంలోకి దిగుతుంది. తల్లి ఎముకల్లోని సీసం మావిని దాటి కడుపులోని బిడ్డను చేరుతుంది. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, పసితనంలో మాత్రమే సీసం ఇచ్చిన కోతుల మెదళ్లను వాటి 23వ ఏట పరిశీలించగా, అల్జీమర్స్ వ్యాధిలో కనిపించే తరహా మార్పులు అగుపించాయి. అమెరికాలో వృద్ధులపై జరిగిన అధ్యయనాల్లో, ఎముకల్లో సీసం ఎక్కువగా ఉన్నవారి ఆలోచనాశక్తి వేగంగా తగ్గినట్లు తేలింది. పసితనంలో పడిన విత్తనం ముదిమిలో మొలకెత్తవచ్చునన్నమాట.

ఇక సుర్మా సంగతి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇస్మిద్ సుర్మాను ఇష్టపడేవారని హదీసుల ద్వారా మనకు తెలుసు. అందుకే మేము ఈ మాట ఎంతో జాగ్రత్తగా చెబుతున్నాము. ఇస్మిద్ అంటే అంజనపు రాయి, ఆంటిమొనీ ఖనిజమని నిఘంటువులు చెబుతాయి. నేడు బజారులో సుర్మా పేరుతో అమ్మే నల్లని పొడిలో చాలావరకు ఉండేది గెలీనా. అది సీసపు ముడిఖనిజం. వివిధ దేశాల ప్రయోగశాలల్లో పరీక్షించిన కొన్ని సుర్మా నమూనాల్లో బరువులో సగానికి మించి సీసమే ఉంది. చూడటానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. సీసాపై ఇస్మిద్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది ఇస్మిద్ కాదు. కాబట్టి ఇక్కడ ప్రశ్న సున్నత్ గురించి కాదు, దాని పేరుతో జరిగే కల్తీ వ్యాపారం గురించి.

పసిపాప కళ్లు నలుపుకుంటుంది, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది. ఒకే మోతాదు సీసం మింగితే, పెద్దలకంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహించగలదు. సురక్షితమని చెప్పదగిన సీసపు స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. లోకంలోని ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉందని 2020లో యూనిసెఫ్ అంచనా వేసింది.

నిరాశ పడవలసిన పని లేదు. మన దేశంలో 2000 సంవత్సరంలో పెట్రోలు నుండి సీసాన్ని తొలగించారు. బంగ్లాదేశ్‌లో పసుపుకు రంగు తేవడానికి సీసపు క్రోమేట్ కలుపుతున్నట్లు 2019లో బయటపడితే, ప్రభుత్వం, పరిశోధకులు కలిసి రెండేళ్లలో ఆ కల్తీని దాదాపు రూపుమాపారు. ఇంట్లోనూ చేయగలిగినవి ఉన్నాయి. బ్యాటరీ, వెల్డింగ్, రంగుల పనులు చేసేవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోవాలి. ఆ బట్టలు వేరుగా ఉతకాలి. పసుపు పొడికి బదులు కొమ్ములు కొని దంచుకోవడం మేలు. కొమ్ములు కూడా మరీ మెరిసిపోతుంటే అనుమానించాలి. ఇనుము, క్యాల్షియం చాలినంత ఉన్న ఆహారం తినే పిల్లల్లో సీసం తక్కువగా ఇంకుతుంది. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించవచ్చు.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. బిడ్డ శరీరం అంతకంటే పెద్ద అమానతు. తనకేమి పూస్తున్నారో, తన నోట ఏమి పెడుతున్నారో ఆ బిడ్డ అడగలేదు. అబ్బాజాన్‌కు తెలియదు, అమ్మీకి తెలియదు. తెలియక జరిగినదానిని క్షమించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. మాకు తెలిసింది గనుక, తెలియదనే సాకు ఇక మాకు లేదు.

సుర్మాదానీని పారవేయలేదు. మూత బిగించి, పిల్లల చేతికి అందని చోట దాచాము. కానీ వద్దన్న సంగతి అమ్మీకి గుర్తుండదు. ఇప్పటికీ జుమా రోజున అడుగుతారు, "పాప కళ్లు బోసిగా ఉన్నాయేమర్రా, నా సుర్మాదానీ ఏదీ?" అని. మేము విసుగు చూపము. ప్రతిసారీ మొదటిసారిలాగే చెబుతాము, "సుర్మా వద్దు అమ్మీ, దుఆ చదివి ఊదండి చాలు." అమ్మీ పాపను దగ్గరకు తీసుకుంటారు. మా పేర్లు మరచిన ఆ నోట దుఆ మాత్రం ఒక్క అక్షరం తప్పకుండా వస్తుంది.