రూటర్ లాగ్‌లో తెలియని అంకెలు



మిరప కోతల రోజుల్లో, చిలకలూరిపేట దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడొకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. డిగ్రీ కుర్రాడు. అసైన్డ్ భూముల మీద ఫేస్‌బుక్‌లో రాస్తుంటాడు. "అన్నా, మన నెట్టులోకి ఎవురో వస్తన్నారు" అన్నాడు. రూటర్ లాగ్ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాడు. నిండా అంకెలే. అప్పటికే భయంతో తన పోస్టులు మూడు తీసేశాడంట.

వాడి భయాన్ని నేను కొట్టిపారేయలేదు. భీమా కోరెగావ్ కేసు మన కళ్ళముందు ఉంది. రోనా విల్సన్ కంప్యూటర్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. 2016 జూన్ 13న వరవరరావు గారి ఈమెయిల్ ఖాతాను ఎవరో వాడుకుని మెయిళ్ళు పంపారని, పత్రం అనుకుని విల్సన్ తెరిచిన ఫైలు నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రామును దింపిందని, 22 నెలల పాటు ఆ కంప్యూటర్ పరాయి చేతుల్లో ఉందని అందులో ఉంది. కేసులో సాక్ష్యంగా చూపిన ఉత్తరాలు అలా చేరినవేనంది. నాగపూర్ దళిత లాయరు సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్ విషయంలోనూ ఇలాంటి మాటే చెప్పింది. ఎన్‌ఐఏ ఒప్పుకోలేదు.

ఇక్కడ మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. నెట్‌వైర్ లాంటిది ఒకసారి లోపల చేరాక, బయట ఉన్న తన యజమాని సర్వర్‌కు తానే ఫోన్ చేస్తుంది. కాబట్టి లాగ్‌లో ముందు చూడాల్సింది దిక్కు. ఎవరు ఎవరిని పిలిచారు?

తమ్ముడు పంపిన వాటిలో చాలా లైన్లు బయటి నుంచి తట్టినవి, రూటర్ ఆపేసినవి. 23 పోర్టు, 22 పోర్టు. ఇవి వాడి కోసం వచ్చినవి కావు. పాత పాస్‌వర్డు మార్చని పెట్టెల కోసం లోకమంతా తలుపులు తట్టుకుంటూ పోయే యంత్రాలు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాగే 23 పోర్టులో దూరి లక్షల కెమెరాలనూ రూటర్లనూ పట్టేసింది. 142.250తో మొదలయ్యేది గూగుల్. 157.240 వాట్సాప్, ఫేస్‌బుక్ వాళ్ళది. 192.168తో మొదలయ్యేవి మనింటివే. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి నెట్టు కంపెనీ తన లోపల వాడుకునేవి.

మిగతావాటికి హూయిజ్‌లో వెతకాలి. మన వైపు అడ్రసుల పద్దు ఏపీనిక్ దగ్గర ఉంటుంది. అయితే మన ఊళ్ళలో కొత్త మనిషిని "ఏ బజారు, ఎవురి తాలూకు" అని రెండు ప్రశ్నలడిగితే కులం దాకా తేలిపోతుంది చూడండి, హూయిజ్ అంత దూరం పోదు. ఆ అడ్రసు ఏ కంపెనీ పేరున ఉందో చెబుతుంది. దాన్ని అద్దెకు తీసుకుని లోపల కూర్చున్నదెవరో చెప్పదు.

ఒక్క లైను మాత్రం తేలలేదు. 192.168.1.7 నుంచి రాత్రీ పగలూ ఒకే విదేశీ అడ్రసుకు పోతోంది. ఆ 7 ఫోనూ కాదు, లాప్‌టాపూ కాదు. ఇంట్లో ఒక్కొక్కటే ఆపమన్నాను. కల్లంలో ఆరబోసిన కాయలకు కాపలాగా వాళ్ళ నాన్న పెట్టించిన చవక వైఫై కెమెరా వైరు పీకగానే లైను ఆగింది. కౌలు రైతు, కాయ పోతే కౌలు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ కెమెరా తన కంపెనీ సర్వర్‌తో మాట్లాడుకుంటోంది. పాస్‌వర్డు డబ్బాలో వచ్చిందే. అదే రాత్రి మార్పించాను. రూటర్‌దీ మార్పించాను.

మన పేటల్లో ఒక కనెక్షన్ మీద నాలుగిళ్ళ ఫోన్లు నడుస్తాయి. పైగా చాలా కంపెనీలు ఒకే బయటి అడ్రసును ఎందరో చందాదారులకు పంచుతాయి. అంటే "ఈ ఐపీ మీదే" అని ఎవరైనా ఇంటికొస్తే ఆ ఒక్క అంకె చాలదు. ఏ పోర్టు, ఏ క్షణం అన్నది కూడా కావాలి. అవి ఉన్నా దారి కనెక్షన్ దాకానే, పోస్టు పెట్టిన వేలి దాకా కాదు. ఈ మాట మీ లాయరుకు గుర్తు చేయండి.

అనుమానం వస్తే లాగ్‌ను ఫొటో తీయడంతో ఆగకండి, ఫైలుగా దించుకోండి. చాలా రూటర్లు ఆపి వేస్తే పాత లాగ్ పోతుంది. గడియారం ఏ టైములో ఉందో పక్కన రాయండి. యూటీసీ అయితే మనకు అయిదున్నర గంటలు వెనక.

తమ్ముడు రెండు పోస్టులు మళ్ళీ పెట్టాడు. మూడోది వాళ్ళమ్మ వద్దంది.