ఇబ్రహీంపట్నం కూడలిలో పాత జావా

విజయవాడ నుండి కొండపల్లి అడవిబాటలకు పోవాలంటే, జగదల్‌పూర్ మార్గం చీలే ఇబ్రహీంపట్నం కూడలిలోని లారీల రద్దీని దాటాలి. 1960వ దశకంలో మైసూరులో తయారైన జావా, ఐరోపా మట్టిదారి పోటీలలో పేరొందిన వంశానిది. తాతల నాటి అట్టి బండిని ఆటోనగర్‌లో విప్పించి, తుప్పు గీకించి బ్రతికించవచ్చు. కాని ఇంజను మ్రోగితే చాలదు. ఆరు వోల్టుల దీపం మసక. మట్టిదారి గళ్ళ టైరు తడి తారును సరిగా పట్టదు. కనుక బ్రేకులు, దీపాలే మొదటి మరమ్మతు.

2021 నాటి కేంద్ర నిబంధనల మేరకు, యాభై ఏళ్ళు నిండి మూలరూపం మారని బండికి రూ.20,000 రుసుముతో పదేళ్ళ వింటేజ్ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. దానిపై నిత్యప్రయాణం కూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కాలి.

పెద్దల జ్ఞాపకం ప్రియమైనదే. అయితే బాటసారుల ప్రాణం మన చేతిలోని అమానతు; దానిని మించినది ఏదీ లేదు.