కారు హిసాబ్

ఈసారి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మన ఇళ్లల్లో ఎవరైనా కారు కొనాలనుకుంటుంటే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

2023 రంజాన్‌కి ముందు మా గల్లీలోకి తెల్ల కారు తెచ్చాను. కంపెనీ అమ్మే కార్లలో అన్నిటికన్నా చవకది, కింది మోడల్. అమ్మీ నజర్ తగలకుండా మిరపకాయలు తిప్పింది. అబ్బా మాత్రం ఒకే మాట అడిగారు. "సూద్ తో నహీ హై నా బేటా?"

"లేదబ్బా, దోస్త్ ఖర్జె హసనా ఇచ్చాడు" అన్నాను. వడ్డీ లేని అప్పు అని. అది ఝూట్.

కారు అవసరం నిజమే. గాజువాక హైవే మీద లారీలు, ట్రైలర్ల మధ్య బైకు మీద నలుగురం వెళ్లేవాళ్లం. వాన పడితే చిన్నది నా చొక్కాలోకి తల దూర్చేది. అమ్మీ మోకాళ్లకి కేజీహెచ్ దాకా ఆటో మాట్లాడాలంటే రోజు కూలీ పోయేది. 2008లో రతన్ టాటా నానో చూపించినప్పుడు అబ్బాయే పేపర్ చదివి "లక్షకి కారు!" అని నవ్వారు. అది అమ్మకానికి వచ్చేసరికి రోడ్డెక్కే ధర లక్ష దాటింది. ఆ సంగతి నాకు పదిహేనేళ్ల తర్వాత కూడా గుర్తు రాలేదు.

షోరూమ్ బోర్డు మీద 4 లక్షల 30 వేలు. లైఫ్ టాక్స్ 13 శాతం, 55,900. ఇన్సూరెన్స్ 22,300. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. వెయ్యి సీసీ లోపు బండికి అదే 6,521, పైన జీఎస్టీ. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, మ్యాట్లు, సీటు కవర్లు, పాటల డబ్బా అన్నీ కలిపి ఇంకో 11,800. మొత్తం 5 లక్షల 20 వేలు. నా దగ్గరున్నది లక్షా 20 వేలు. మిగతా 4 లక్షలు లోన్, తొమ్మిదిన్నర శాతం, ఏడేళ్లు. నెలకి కిస్తీ 6,538. "రోజుకి 218 రూపాయలే సార్, టీ బిస్కెట్ ఖర్చు" అన్నాడు కుర్రాడు. మా ఇంట్లో అంత టీ ఎవరూ తాగరు. అయినా దస్తఖత్ చేశాను.

ఆ తర్వాత మొదలైంది అసలు ఖర్చు. మా గల్లీలో ఆటో పడితే ఎక్కువ, కారు మలుపు దగ్గర వదలాలి. పొద్దున్నే అద్దం మీద వేలితో గీస్తే నల్లగా వస్తుంది. ఒకపక్క పోర్టులు, ఒకపక్క స్టీల్ ప్లాంట్, పైన ఉప్పు గాలి. ఏసీ ఫిల్టర్ తీస్తే కట్టెల పొయ్యి మీది గుడ్డలా ఉంది. తలుపు కింద ఎర్ర చుక్కలు లేచాయి. వానాకాలంలో ఎలుక దూరి వైర్లు కొరికింది. ఆటోనగర్ మేస్త్రీ నవ్వి, "కవర్ వేశారు కదా భాయ్, దానికి చల్లగా ఉంటుంది" అన్నాడు.

తొలి ఏడాదే జంక్షన్‌లో ఆటో తగిలి బంపర్ పగిలింది. కొత్త బంపర్ 6 వేలు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా వెళ్లాను. ప్లాస్టిక్ సామానుకి సగమే ఇస్తారట, అందులోంచి తప్పనిసరి కోత ఇంకో వెయ్యి. చేతికొచ్చింది 2 వేలు. క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడు సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గేది. నాకది 12 వేలు, అంటే 2,400. రెండు వేల కోసం రెండు వేల నాలుగు వందలు పోగొట్టుకున్నాను.

ఇవన్నీ భరించాను. రిన్యూవల్‌కి కాగితాలు వెతుకుతుంటే అబ్బా "నేను ఫైల్ సర్దుతా" అన్నారు. ఆయన ముప్పై ఏళ్లు గుమాస్తా పని చేసినవాడు, ప్రతి అక్షరం చదువుతారు. ఆర్‌సీ కార్డు కళ్లద్దాల దగ్గర పెట్టుకుని ఆగిపోయారు. అప్పు ఇచ్చిన సంస్థ పేరు అక్కడే ఉంటుంది, హైపోథికేషన్ అని. కార్డు ఫైల్లో పెట్టి, దారం కట్టి, లేచి వజూకి వెళ్లారు.

ఆ జుమ్మాకి నేను కారు స్టార్ట్ చేసి కూర్చున్నా. అబ్బా నన్ను దాటుకుని రోడ్డు మీదకెళ్లి ఆటో ఎక్కారు.

మూడు జుమ్మాలు అలాగే గడిచాయి. నాలుగో రాత్రి పక్కన కూర్చుని అంతా చెప్పాను. తిట్టలేదు. "కిత్తా బాకీ?" అన్నారు. కాగితం తీశాం. అప్పటికి 24 కిస్తీలు, 1,56,912 కట్టాను. అసలు తగ్గింది 89 వేల లోపే. ఇంకా 3 లక్షల 11 వేల చిల్లర బాకీ. ఏడేళ్లు కడితే సూద్ ఒక్కటే 1,49,192. కారు విలువేమో ఇన్సూరెన్స్ లెక్కలోనే రెండేళ్లకి ఐదో వంతు పోయింది.

"నువ్వు అడిగుంటే పాత బండి కొనేవాళ్లం. ఇద్దరం కలిసి" అన్నారు. ఆ "ఇద్దరం" దగ్గర నా తల వాలిపోయింది.

అమ్మడం గురించి ఆలోచించాం. అమ్మీ ఆసుపత్రి ఆగదు కాబట్టి ఉంచాం. అదనంగా దొరికిన ప్రతి రూపాయీ అసలుకి కడుతున్నాం. ముందే కడతానంటే దానికీ చార్జీ ఉంది, అదీ సంతకం రోజు చదవలేదు. తీరాక ఎన్‌ఓసీ, ఫారం 35 పట్టుకుని రవాణా ఆఫీసుకెళ్లాలి, లేకపోతే ఆ పేరు ఆర్‌సీ మీదే ఉండిపోతుంది. అబ్బా ఒక నోట్‌బుక్ పెట్టారు, ప్రతి నెలా తనే రాస్తారు.

అమ్మీకి తోడుగా ఆసుపత్రికైతే కారెక్కుతారు. జుమ్మాకి మాత్రం ఇంకా ఆటోనే. నేను అడగను.

మీలో ఎవరైనా షోరూమ్‌కి వెళ్తుంటే ముందు కాగితం మీద నాలుగు రాయండి: రోడ్డెక్కే ధర, మొత్తం సూద్, ఏడాది ఖర్చు, రెండేళ్ల తర్వాత బండి విలువ. ఆ కాగితం ఇంట్లో పెద్దలకి చూపించండి. చూపించడానికి మనసొప్పకపోతే, ఆ రోజుకి ఇంటికొచ్చేయండి. మా అబ్బా కోసం దువా చేయండి.