ఒక కొరియా నటి, మా చిన్నమామ్మ

మా కుటుంబము బరంపురమున స్థిరపడి నాలుగు తరములు దాటినది. ఇంట తెలుగు, వీధిలో ఒరియా మాకు పుట్టుకతో వచ్చిన భాషలు. నా మనుమరాలికి వీనికి తోడు కొరియా చిత్రములపై మక్కువ కలిగినది. గత వేసవిలో ఒకనాటి సాయంకాలము నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "తాతయ్యా, ఇది మీ వయసువారు చూడదగిన చిత్రము" అని ఒక పాత చిత్రమును చూపెను. కాలక్షేపమునకని కూర్చుంటిని గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ చిత్రము పేరు 'సిబాజీ'. విత్తును గ్రహించునది అని ఆ మాటకు అర్థమట. ఇమ్ క్వాన్ తెక్ దర్శకత్వమున 1986లో తయారైనది. జోసోన్ రాజుల కాలమున ఒక గొప్ప యింట మగసంతు లేకపోయెను. వంశము నిలుపుకొనుటకై వారు పేదపల్లె నుండి పదునేడేండ్ల ఓక్‌న్యో అను పిల్లను రహస్యముగా కొనితెచ్చిరి. ఆమె తల్లియు పూర్వము ఆ పనికే పోయివచ్చినది. ఓక్‌న్యో కొడుకును కనెను. కన్న వెంటనే బిడ్డను ఆ యింటి కోడలికి విడిచి వెడలిపోవలసి వచ్చెను. తుదకు ఉరి పోసికొని మరణించెను.

ఓక్‌న్యోగా నటించినది కాంగ్ సూ యోన్. 1966లో సియోల్ నగరమున జన్మించి, మూడు నాలుగేండ్ల ప్రాయముననే బాలనటిగా కెమెరా ముందు నిలిచినది. బాల్యమున ముద్దులొలికించిన ముఖమును పెరిగిన పిమ్మట ప్రేక్షకులు అంత సులభముగా ఒప్పుకొనరు. బాలతారలు పెక్కుమంది అచ్చటనే ఆగిపోవుదురు. ఈమె యట్లు ఆగలేదు. 1987లో 'మిమీ, చోల్సూల యౌవన చిత్రణ' అను ఉల్లాసకరమైన చిత్రముతో యువజనుల మన్నన పొందెను. ఆ యేడే సెప్టెంబరులో 'సిబాజీ'కి వెనిస్ చలనచిత్రోత్సవమున ఉత్తమనటి బహుమానము లభించెను. కాన్, వెనిస్, బెర్లిన్ అను మూడు మహోత్సవములలో నటనకు బహుమతి నందిన తొలి కొరియా కళాకారిణి ఈమెయే. అప్పటి కామె వయస్సు ఇరువదియొక్క యేండ్లు.

అంతటి కీర్తి వచ్చిన పిదప సొగసైన పాత్రలతో సుఖముగా కాలము గడుపవచ్చును. ఆమె తరువాత బౌద్ధభిక్షుణి పాత్రను స్వీకరించి, దానికై తన తలవెండ్రుకలను నిజముగనే తీయించుకొనెను. 1989 నాటి ఆ చిత్రము పేరు 'అజే అజే బారా అజే'. ప్రజ్ఞాపారమితా హృదయమున గల సంస్కృత మంత్రమునకు అది కొరియా ఉచ్చారణము. 2024లో నోబెల్ బహుమతి నందిన హాన్ కాంగ్ తండ్రి హాన్ సింగ్ వన్ వ్రాసిన నవల దానికి మూలము. మాస్కో చిత్రోత్సవమున అందుకును ఆమెకు ఉత్తమనటి బహుమతి వచ్చెను. 2022 మే 7న, ఏబదియైదవ యేట ఆమె కన్నుమూసెను.

నాకు నిద్ర పట్టకపోవుటకు కారణము వేరు. మా తాతగారికి మొదటి భార్యవలన సంతానము లేదు. దూరపు పల్లె నుండి ఒక నిరుపేద పిల్లను రెండవ పెండ్లి చేసికొని తెచ్చిరి. ఆమె మా తండ్రిగారిని కనెను. బిడ్డ మాత్రము పెద్దమామ్మ ఒడిలో పెరిగెను. మా తండ్రిగారు కన్నతల్లిని కడవరకు "పిన్నీ" అనియే పిలిచిరి. మేమును ఆమెను "చిన్నమామ్మ" అంటిమి. మా యింటి గోడపై తాతగారి ప్రక్కన పెద్దమామ్మ పటమే కలదు. చిన్నమామ్మకు పటము లేదు.

కొన్ని యేండ్ల క్రిందట ఇటువంటి సంచికకే మా వంశచరిత్రమును వ్రాసితిని. తాతగారి వలస, వ్యాపారము, దానధర్మములు అన్నియు వ్రాసితిని. చిన్నమామ్మను గూర్చి ఒక్క వాక్యము వ్రాయలేదు. పరులనడుమ బ్రదుకువారము, ఇంటి మచ్చ బయట పెట్టరాదనుకొంటిని. కొరియా వారు తమ పూర్వుల యింటి మచ్చను లోకము ముందు పెట్టిరి. లోకము వారిని చులకన చేయలేదు. ఇరువదియేండ్ల పిల్ల ముఖమున ఆ దుఃఖమును చూచి తల వంచినది.

చిత్రము ముగిసిన పిమ్మట మనుమరాలు, "ఇటువంటివి మన యిండ్లలో జరుగలేదు గదా, తాతయ్యా?" అని అడిగెను. ఆ రాత్రి బదులు చెప్పలేకపోతిని. తెల్లవారిన పిదప ఆమెను పిలిచి, చిన్నమామ్మ కథను మొదటినుండి చెప్పితిని. మరచిపోవునేమో యని ఆమె పేరును రెండుమార్లు పలికించితిని.